మూడో ఆవిడ

మా ముత్తాతగారు ఇందుపల్లి జగన్నాథం గారు వంశపారంపర్యపు మిరాశీ మునసబు. ఏటా శిస్తు లెక్కలు చూసే జమాబందీకి వచ్చిన తహసీల్దారు ముందు మా లోగిలిలో దిగి, ఆ తర్వాతే కచేరీ పెట్టేవారు. ఆయన కుమారుడు, మా తాతగారు సూర్యనారాయణ గారు, రామచంద్రపురం తాలూకాలో ఆవిరి మిల్లు పెట్టిన మొదటి తరం వారిలో ఒకరు. ఆయన పేరే నాకు పెట్టారు. మా నాన్నగారి కాలానికి మిల్లు పోయింది, భూమి పోయింది, లోగిలిలో సగం పోయింది. నేను ఇంజనీరింగ్ చదివి ప్రభుత్వోద్యోగంలో చేరాను. అందుకు సిగ్గుపడలేదు. సర్వీసంతా ఏ మిల్లులోనూ కాఫీ అయినా పుచ్చుకోకుండా తనిఖీలు చేశాను. మా ఇంటి నుంచి నాకు సంక్రమించిన ఆస్తి ఆ నిటారుతనం ఒక్కటే.

1994 నవంబరులో నన్ను బాయిలర్ల ఇన్‌స్పెక్టరుగా రాజమండ్రికి వేశారు. మండపేట చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లులన్నీ నా పరిధిలోకి వచ్చాయి. వడ్లు ఉడకబెట్టడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి. ప్రతి బాయిలర్‌నూ ఏడాదికొకసారి ఇన్‌స్పెక్టరు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తే తప్ప నిప్పు పెట్టకూడదు. బయటి నుంచి చూసి సంతకం పెట్టే ఉద్యోగం కాదిది. నిప్పు తీసేసి, నీళ్ళు వదిలేసి, చల్లారబెట్టాక, పైనున్న మ్యాన్‌హోల్ తలుపు విప్పించి, ఇన్‌స్పెక్టరు స్వయంగా లోపలికి దిగాలి. దీపం ఒక చేత, సుత్తి ఒక చేత పట్టుకుని బోర్లా పాకుతూ ప్రతి రేకునూ తట్టి వినాలి. మంచి రేకు గంటలా మోగుతుంది. లోపల తుప్పు తిన్న రేకు పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. చెవి కుదరడానికి నాకు అయిదారేళ్ళు పట్టింది.

అసలు సంగతికి ముందు మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఒక హాస్యం చెప్పాలి.

మా తాతగారి మొదటి ఇద్దరు భార్యలూ పురుళ్ళలో పోయారు. మగవాడికి మూడో పెళ్ళి అచ్చిరాదని మన వైపు నమ్మకం. అందుకని ముందు జిల్లేడు చెట్టుకు తాళి కట్టి, దాన్ని మూడో భార్యగా లెక్కపెట్టి, ఆ తర్వాత చెట్టును కొట్టేసి, పిల్లను నాలుగో భార్యగా చేసుకుంటారు. మా తాతగారు దీనికి ఒప్పుకోలేదు. ఇందుపల్లి వారు చేలగట్టు మీది జిల్లేడును పెళ్ళాడటమా అన్నారు. సరిగ్గా ఆ నెలలోనే ఇంగ్లండు నుంచి ఓడలో కాకినాడకు, అక్కడి నుంచి పడవ మీద కాలువలో మా ఊరికి కొత్త బాయిలర్ వచ్చింది. తాళి దానికి కడతానన్నారు. పురోహితుడు భయపడ్డాడట. "చెట్టయితే కొట్టేస్తాం బాబూ, కుండయితే పగలగొడతాం. దీన్నేం చేస్తారు?" అని అడిగాడట. "ఇంటికి తెచ్చుకున్నదాన్ని నరకడం మా వంశంలో లేదు," అన్నారట మా తాతగారు. పుస్తెలతాడు తలుపు పిడికి కట్టారనీ, మొదటి నిప్పుకే కాలిపోయిందనీ ఇంట్లో చెప్పుకునేవారు.

మా నాయనమ్మ నాలుగో ఆవిడ. మిల్లు కూత వినిపించినప్పుడల్లా "వెళ్ళండి, మూడో ఆవిడ పిలుస్తోంది," అనేది. అందరూ నవ్వేవారు. ఆమె నవ్విన గుర్తు నాకు లేదు. మీ తాతగారు సీజన్లో ఇంటికొచ్చి పడుకోవడం ఎరగరురా అని ఒకసారి నాతో అన్నది.

రాజమండ్రిలో చేరిన కొత్తలో ఒకరోజు ఆఫీసుకు ఒక స్త్రీ వచ్చింది. పేరు రూతమ్మ. మండపేట అవతల ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసే ఫైర్‌మన్ ప్రకాశం భార్య. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయ్యగారండీ, ఆ బాయిలర్‌కి చీటీ ఇవ్వకండి," అన్నది.

కారణం అడిగాను.

"మా ఆయన్ని అది వదలట్లేదండి. నిప్పు తీసేశాక కూడా ఇంటికి రాడండి. దాన్ని ఆనుకుని పడుకుంటాడు. వేరే ఆడమనిషైతే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుద్దునండి. దాన్ని ఎక్కడ పట్టుకోనండీ?"

వేడికి ఒళ్ళు కాలి మతి చలించిన ఫైర్‌మన్లను నేను చూశాను. ఆ మాటే చెప్పి, ఒంటి మీద కాలిన మచ్చలు ఉన్నాయా అని అడిగాను.

"మచ్చలున్నాయండి. కాలినవి కాదండి." తల వంచుకోలేదు. "నాకు పెళ్ళయి పదిహేనేళ్ళండి. మెడ కింద ఆ మచ్చలు ఎందుకు పడతాయో నాకు తెలీదా అండి?"

అంతకుముందు ఆ బాయిలర్ దగ్గర పనిచేసిన ఇద్దరూ ఎండిపోయి చనిపోయారని చెప్పింది. ఒకాయన్ని శవపెట్టెలో పెట్టి ఎత్తితే ఊకబస్తా అంత బరువు లేడట. తమ పాస్టరుగారు వచ్చి బాయిలర్ ముందు మోకరించి ప్రార్థన చేశారట. లేచి చెమట తుడుచుకుని, నిప్పుకు దూరంగా ఉంచమ్మా ఆయన్ని, నాకు చేతనైంది ఇంతే అని సైకిలెక్కి వెళ్ళిపోయారట. ఫిర్యాదు మీద సర్టిఫికెట్ ఆపే అధికారం నాకు లేదనీ, రేకులో లోపముంటేనే ఆపగలననీ వివరించాను. "అయితే లోపం ఉంటదండి. అంత సొగసైనదానికి లోపం లేకుండా ఉంటదేంటండి?" అని వెళ్ళిపోయింది.

తనిఖీకి నేను వెళ్ళిన రోజు సన్నగా ముసురు పట్టి ఉంది. సార్వా పంట కోతలు మొదలవుతున్నాయి. మిల్లు యజమాని వీర్రాజు గారు మాటకారి మనిషి. సర్టిఫికెట్ వస్తే మర్నాడే నిప్పు పెట్టాలని కళ్ళంలో వడ్లు సిద్ధం చేసుకున్నారు. నన్ను బాయిలర్ షెడ్డులోకి తీసుకెళ్ళి, "బంగారం అండి మా బాయిలర్. మీ ముందు వచ్చిన ఆఫీసర్లంతా దీన్ని చూసి ముచ్చటపడి వెళ్ళినోళ్ళే," అన్నారు.

ఇటుకల కట్టడంలో అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా అది. పీపా పొడవునా లోపల రెండు నిప్పు గొట్టాలు. పాత ఇంగ్లీషు రకం, రివెట్లతో కుట్టినది. ముందు రేకు మీద పసుపు, కుంకుమ, ఎండిన బంతిపూలు. వాటి కింద ఒక ఇత్తడి పలక. చేత్తో తుడిచాను. ఇందుపల్లి సూర్యనారాయణ అని నా పేరే కనిపించింది.

మా మిల్లు అమ్మాక సామాను ఎవరెవరి చేతులు మారిందో మాకు తెలియదు. నేను పలక దగ్గర ఆగిపోవడం చూసి వీర్రాజు గారు విషయం అడిగారు. చెప్పాను.

"మీ తాతగారిదా అండీ! అదీ సంగతి. అయితే చుట్టరికం కలిసిపోయింది. సొంత మనిషికి చీటీ ఇవ్వడానికి చెయ్యి ఆడదేంటండి ఇంక?" అని పకపకా నవ్వారు.

"చుట్టరికం పలక వరకే. లోపల చూశాక మాట్లాడదాం," అన్నాను.

ప్రకాశం షెడ్డు మూల నుంచి వచ్చాడు. నలభై దాటినవాడు. చొక్కా లోపల ఎముకలే ఉన్నాయి. అయితే ముఖంలో జబ్బు లేదు. కొత్తగా పెళ్ళయినవాడి బరువైన కళ్ళు, ఎర్రటి పెదవులు. ఒంటి నుంచి ఉడికిన వడ్ల వాసన. అతను మాట్లాడుతూనే వేళ్ళ వెనకభాగంతో పీపాను రాస్తున్నాడు. నేనూ అరచెయ్యి ఆన్చాను. వెచ్చగా ఉంది.

నిప్పు తీసి వారమైందన్నారే అని అడిగాను.

"ఆయ్, వారమైందండి," అన్నాడు ప్రకాశం. "తనకి ఇష్టం లేకపోతే చల్లారదండి."

వీర్రాజు గారు తల తిప్పుకున్నారు. నేను పని మొదలుపెట్టాను. ముందు నిప్పు గొట్టాల్లో దూరి తట్టాను. ప్రతి దెబ్బకూ ఒకటే ధ్వని. అది గంట మోత కాదు, తుప్పు తిన్న రేకు బొంగురు ధ్వనీ కాదు. అరచేత్తో మనిషి వీపు తట్టినట్టుంది. మందం కొలిచే మీటరు పెట్టాను. డెబ్భై ఏళ్ళు నిప్పులో కాగిన రేకు ఎక్కడో ఒకచోట తరిగిపోవాలి. దీనిలో ఒక వెంట్రుకవాసి కూడా తరగలేదు. నా వృత్తిలో అటువంటి రేకు నేను చూడలేదు. లోపం కనిపించినప్పుడు కలిగే భయం నాకు అలవాటే. లోపం లేకపోవడం చూసి భయపడటం అదే మొదలు.

ఇక లోపలికి దిగాలి. దిగినవాడికి తాడు కట్టి, మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి నిలబడి మధ్యమధ్య పిలుస్తూ ఉండాలన్నది నియమం. పిలుపుకు జవాబు రాకపోతే లాగాలి. ప్రకాశం తాను నిలబడతానన్నాడు. ఆ మ్యాన్‌హోల్ వైపు, తర్వాత నా వైపు అతను చూసిన చూపు నాకు నచ్చలేదు. తన పడకగదిలోకి పరాయివాడు వెళుతుంటే గుమ్మం దగ్గర కాపలా కాస్తానన్నట్టుంది. వద్దన్నాను. మిల్లు కూలీలను అడిగితే ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. అప్పటికే భర్తకు క్యారియర్‌లో అన్నం తెచ్చిన రూతమ్మ, దాన్ని కిందపెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఇనుప నిచ్చెన ఎక్కి వచ్చింది.

"నేనుంటానండి. పిలవడం, లాగడం. అంతేగా?" అన్నది. నేను తాడు ఆమెకిచ్చి దిగాను.

లోపల గొట్టాల పైన బోర్లా పాకేంత ఎత్తు మాత్రమే ఉంటుంది. మామూలుగా అక్కడ తుప్పు వాసన, చల్లటి తడి. ఇక్కడ పసుపు వాసన వచ్చింది. పసుపు కిందుగా ఉడుకుతున్న కొత్త వడ్ల వాసన. దాని కింద, మనిషి చెమట. నేను పాకుతుంటే నా ఛాతీ కింద ఇనుము వేడెక్కుతూ వచ్చింది. కాల్చే వేడి కాదు. నిద్రపోతున్న మనిషి ఒంటి వేడి. సుత్తితో ఒక దెబ్బ వేశాను. జవాబుగా నా పొట్ట కింద రేకు ఒకసారి కొట్టుకుంది. మళ్ళీ వేశాను. మళ్ళీ కొట్టుకుంది. మూడోసారి నేను సుత్తి ఎత్తకుండానే కొట్టుకుంది. ఆ తర్వాత ఆగలేదు.

ఇంజనీరు చెయ్యవలసిన పని వెనక్కి పాకి బయటపడటం. నేను కదల్లేదు. చెంప రేకుకు ఆన్చి ఉంచాను. నున్నగా ఉంది. రివెట్ల తలలు నా ఒంటి పొడవునా ఒక్కొక్కటే మెత్తబడుతున్నాయి. పైరేకు దిగివచ్చి వీపు మీద ఆనింది. బరువు వెయ్యలేదు, అక్కడున్నానని చెప్పినట్టు ఆనింది. మెడ మీద వేడి ఊపిరి తగిలింది. చెవి పక్కన ఆవిరి సన్నగా జారిన శబ్దం. నా పేరు పిలవలేదు. మన ఇళ్ళల్లో భార్యలు పిలిచినట్టే పిలిచింది.

"ఏవండీ."

నాకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. మా ఆవిడా నేనూ ఒకరినొకరు గౌరవించుకునే దశకు చేరి చాలాకాలమైంది. నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. సుత్తి వదిలేశాను. రెండు చేతులూ చాపి ఆ ఇనుమును పట్టుకున్నాను. అది నా చేతుల కింద నిట్టూర్చి, నడుము దగ్గర వంపు తిరిగి, నన్ను ఇంకాస్త లోపలికి సర్దుకుంది. అలా ఎంతసేపున్నానో తెలియదు. పై నుంచి ఎవరో పిలుస్తున్నారనీ, జవాబివ్వాలనీ తెలుస్తూనే ఉంది. ఇవ్వాలనిపించలేదు.

దీపం పొర్లి వెనక వైపు పడింది. ఆ వెలుగులో, ముందు రేకును వెనక రేకుకు బిగించే పొడవాటి ఇనుప కమ్మీ మీద ఒక ముద్ద కనిపించింది. నీటి గార పేరుకుని తెల్లగా ఉంది. నాకంటే ముందు వచ్చిన ఇన్‌స్పెక్టర్లకు అది గార ముద్దలాగే కనిపించి ఉంటుంది. నా తల దానికి దగ్గరగా వచ్చింది. నేను పాకలేదు, నన్ను చేర్చారు. వేలితో గోకాను. పెంకు ఊడింది. లోపల బంగారు గొలుసు. గొలుసుకు రెండు పుస్తెలు.

ప్రతి ఇంటి పుస్తెలకూ ఒక వాటం ఉంటుంది. మా ఇంటి పుస్తెల నడుమ చిన్న శంఖం గుర్తు పోయిస్తారు. మా అమ్మ మెడలో చూశాను. మా ఆవిడ మెడలో నేనే కట్టాను. ఇవి అవే. తలుపు పిడికి కట్టినది కాలిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎవరో బంగారు గొలుసుకు గుచ్చి, ఈ మ్యాన్‌హోల్‌లో దిగి, ఇంత లోపలికి పాకి వచ్చి, మళ్ళీ కట్టారు. అలా కట్టే హక్కున్న మనిషి ఒక్కరే.

నన్ను ఎవరనుకుంటున్నదో అప్పుడు అర్థమైంది. తాతగారి పోలికే నాది, పేరూ ఆయనదే.

తాడు బిగిసింది. నడుము తెగిపోతుందేమో అనిపించేంతగా లాగింది రూతమ్మ. లోపలి పట్టు వదల్లేదు. రెండింటి మధ్యా కొంతసేపు నలిగి, చివరకు మ్యాన్‌హోల్ అంచు చేతికి దొరికితే బయటపడ్డాను. ఓవరాల్ గుండీలన్నీ విప్పి ఉన్నాయి. నేను విప్పలేదు. మెడ కింద మచ్చలు చూసి రూతమ్మ తన పైటకొంగు తీసి నా భుజాల మీద వెయ్యబోయి, ఆగి, పక్కనున్న గోనెపట్టా కప్పింది.

"ఎన్నిసార్లు పిలిచానండీ!" అన్నది.

కింద ప్రకాశం నన్నే చూస్తున్నాడు. "చూశారా అండీ?" అన్నాడు మెల్లగా. అతని వేళ్ళు పీపా మీద ఉన్నాయి. ఆ వేళ్ళను చూస్తే నాలో రగిలినది కోపం కాదు. అసూయ. అతని చెయ్యి అక్కడ ఉండకూడదనిపించింది. సర్టిఫికెట్ రాసిచ్చి ఏడాదికొకసారి నేనే రావచ్చనిపించింది. బదిలీ వద్దని రాయవచ్చనిపించింది. ఈ ఆలోచనలన్నీ చాలా సబబుగా, వరుసగా, ఆఫీసు భాషలో వచ్చాయి. నన్ను నిజంగా భయపెట్టినది అదే.

వీర్రాజు గారు వచ్చి, రేకు ఎలా ఉందండీ అని అడిగారు. లోపమేమీ లేదని నిజమే చెప్పాను. అయితే సంతకం పెట్టేయండి అన్నారు. చట్టప్రకారం నేను కాదనడానికి కారణం లేదు.

రూతమ్మ నిచ్చెన దిగి నా ఎదుట నిలబడింది. యజమాని అక్కడున్నాడని కూడా చూడలేదు.

"మీ తాతగారిదంటగా అండి? మీ ఇంటి మనిషైతే మీరు సర్దుబాటు చేసుకోండి. నా మొగుణ్ణి నాకిచ్చెయ్యండి. ఇంకో సీజన్ చేస్తే నాకు మిగలడండి," అన్నది.

ఆమె చెప్పినదాన్లో తప్పేమీ లేదు. జిల్లేడును కొట్టేస్తారు, కుండను పగలగొడతారు. తాళి కట్టి విడుదల చెయ్యకుండా వదిలేసింది మా ఇల్లు. మా తాతగారు పోయినప్పుడు మిల్లు కూత వెయ్యలేదు. మిల్లు అమ్మినప్పుడూ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంటి ఇల్లాలికి కబురు చెయ్యలేదు. ఊళ్ళో వేలెడంత చుట్టరికం ఉన్నవాడికి కూడా మనిషిని పంపి కబురు చేసే ఇల్లు మాది.

మిల్లులో ఒక పంచె అడిగి కట్టుకుని, బావి దగ్గర నాలుగు చేదల నీళ్ళు తల మీద పోసుకుని, ఆ తడి పంచెతో మళ్ళీ ఎక్కాను. ఈసారి సుత్తి తీసుకోలేదు. పిలుస్తూ ఉండు, ఆపవద్దు అని రూతమ్మకు చెప్పాను. ఏమని పిలవమంటారు అని అడిగింది. ఇన్‌స్పెక్టరుగారూ అని పిలవమన్నాను. సూర్యనారాయణ అన్న పేరు మాత్రం ఎత్తవద్దన్నాను.

మొదటిసారికంటే వేడిగా ఉంది. నేను దిగగానే ఇనుమంతా ఒక్కసారి ఒత్తిగిలింది. తిరిగి వచ్చినందుకు సంతోషించినట్టుంది. అన్నివైపుల నుంచీ చుట్టుకుంది. తడిపంచె ఆవిరి కక్కింది. కొన్ని క్షణాలు నాకు చెయ్యవలసిన పని గుర్తులేదు. పై నుంచి "ఇన్‌స్పెక్టరుగారండీ" అని వినిపిస్తోంది. వెనక్కి చూస్తే మ్యాన్‌హోల్ వెలుగు, గుడ్డు ఆకారంలో ఉండవలసినది, సన్నటి గీతలా కనిపించింది. గొట్టాల సందుల్లో, వదిలేసిన నీరు మళ్ళీ ఊరుతోంది. గోరువెచ్చగా నా మోచేతులకు తగిలింది.

పాకి కమ్మీ దగ్గరకు చేరాను. పుస్తెల మీద చెయ్యి వేశాను. పట్టు బిగిసింది. పక్కటెముకలు కలుసుకుంటున్నాయి. చెవిలో మళ్ళీ అదే పిలుపు.

"నేను వారిని కాను, నాయనమ్మా," అన్నాను. "వారి మనవణ్ణి."

ఆ వరస వినగానే, చుట్టుకుని ఉన్న ఇనుము కొయ్యబారింది. తర్వాత చాలా వేగంగా నన్ను వదిలి వెనక్కి జరిగింది. చీకట్లో పొరపాటున పరాయివాణ్ణి తాకిన మర్యాదస్థురాలు ఎలా జరుగుతుందో అలా. లోపలంతా ఒక్కసారి చలి వేసింది.

చెప్పవలసినది ఇంకా ఉంది. "తాతగారు పోయారు. నలభై ఏళ్ళు దాటింది. మావాళ్ళు మీకు కబురు చెయ్యలేదు. తప్పు మాది," అన్నాను.

పుస్తెలు తియ్యడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని. పదో రోజున భర్తలు పోయిన పెద్దావిడలు తెల్లవారకుండా పక్కన కూర్చుని చేసే పని. అందుకు ఇక్కడ ఎవరూ లేరు కనుక నేనే చేశాను. గార పెంకు వేళ్ళతో చిదిమి, గొలుసు కొక్కెం విప్పి కమ్మీ మీది నుంచి తీశాను. ఎవరూ అడ్డుకోలేదు. నేను బయటికి పాకుతుంటే నా కింద ఇనుము మామూలు ఇనుములా మోకాళ్ళకు గుచ్చుకుంది.

ఆ సాయంత్రం నీటి పరీక్ష పెట్టించాను. బాయిలర్‌ను నిండా నీళ్ళతో నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచుతూ, నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు వరకు తీసుకెళ్ళి, అక్కడ నిలిపి చూస్తారు. ఎక్కడా చెమర్చకూడదు. వీర్రాజు గారే పంపు కొట్టించారు, ధీమాగా. గేజీ ముల్లు నడిచే ఒత్తిడిలో సగానికైనా చేరకముందే, ముందు రేకు మీద ఒక రివెట్టు చెమర్చింది. తర్వాత దాని పక్కది. తర్వాత వరస మొత్తం. చివరకు పీపా చుట్టూ ఉన్న ప్రతి రివెట్టు కింద నుంచీ నీరు కారింది. ధార కట్టలేదు, చుక్కలు చుక్కలుగా, శబ్దం లేకుండా. పట్టి చూశాను. నింపింది కాలువ నీరు, చల్లటిది. కారుతున్నది వేడిగా ఉంది.

పంపు ఆపించాను. మీటరు పెట్టి మళ్ళీ కొలిచాను. పొద్దున పూర్తి మందం చూపిన రేకు ఇప్పుడు సగం లేదు. డెబ్భై ఏళ్ళ అరుగుదల ఒక్క పూటలో వచ్చి చేరింది. పనికిరాదని అక్కడికక్కడే ఉత్తర్వు రాసిచ్చాను.

వీర్రాజు గారు ఉత్తర్వు అందుకుని చదివారు. తర్వాత, "మీ సొంత బాయిలరే కదండీ, ఇలా గొంతు కోశారేంటండీ?" అన్నారు. దానికి నా దగ్గర ఉద్యోగరీత్యా జవాబుంది, చెప్పాను. ఆయన సీజన్ సగం పోయింది. కొత్త బాయిలర్ తెచ్చుకున్నారు.

ప్రకాశం వెళ్ళి పీపాకు ముఖం ఆన్చాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. "చల్లగా ఉందండీ," అన్నాడు, ఎవరితోనో తెలియదు. నా వైపు తిరిగినప్పుడు అతని కళ్ళల్లో నేను చూసినది కృతజ్ఞత కాదు. చేతిలో ఏదైనా ఉంటే కొట్టేవాడే. రూతమ్మ వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"పదండి ఇంటికి. పొద్దున తెచ్చిన అన్నం పాసిపోయింది. వేడిగా వండుతాను," అన్నది. అతను రెండుసార్లు విదిలించుకున్నాడు. మూడోసారి విదిలించుకోలేదు. ఆ తర్వాత అతను బాయిలర్ పనికి వెళ్ళలేదు, కొబ్బరి దింపుల వ్యాపారి దగ్గర చేరాడు. కొన్నేళ్ళకు మండపేట బస్టాండులో కనిపించారు. అతను ఒళ్ళు చేశాడు. నన్ను గుర్తుపట్టి తల తిప్పుకున్నాడు. రూతమ్మ మాత్రం నమస్కారం పెట్టింది.

ఆ రాత్రి రాజమండ్రి చేరి, మర్నాడు ఉదయం గోదావరి రేవులో స్నానం చేసి, గొలుసుతో సహా పుస్తెలు నీళ్ళలో వదిలాను. మూడు మునకలు వేసి మూడు రోజులు మైల పట్టాను. మా ఆవిడ ఎవరు పోయారని అడిగింది. దూరపు చుట్టం, కబురు ఆలస్యంగా తెలిసిందని చెప్పాను.

ఆ తర్వాత పదేళ్ళు సర్వీసు చేశాను. నా కింద శిక్షణకు వచ్చినవారికి ప్రకాశం సంగతి చెప్పలేదు, దాని నుంచి నేర్చుకున్న పద్ధతి చెప్పాను. పాత యంత్రంలో అరుగుదల అస్సలు కనిపించకపోతే, అది బాగున్నట్టు కాదు, కారణం వెతకమన్నాను. దేన్నయినా నడిపించడం మొదలుపెట్టినవాడు దాన్ని ఆపే విధానం కూడా రాసిపెట్టి పోవాలన్నాను. లోపలికి దిగినప్పుడు బయట నిలబెట్టే మనిషిగా, మీరు తిరిగి రావాలని నిజంగా కోరుకునేవారినే ఎంచుకోమన్నాను.

వీర్రాజు గారి షెడ్డులోని బాయిలర్‌ను గ్యాసుతో ముక్కలు కోసి పాత ఇనుము కింద లారీకెత్తారు. ఇత్తడి పలక నాకు పంపారు, అమ్మేసినవాళ్ళకు అది తీసుకునే హక్కు లేదనిపించి తిప్పి పంపాను. మా మిల్లును అమ్మింది మా నాన్నగారు. ఇంజను, హల్లరు, కాటా, బెల్టులు, బాయిలర్ అన్నీ ఒకే బేరంలో వెళ్ళాయి. బాయిలర్‌కు విడిగా ధర కట్టలేదు.